శ్రీకాకుళంలో అమ్మతో రెండు రాత్రులు

విజయనగరంలో బస్సెక్కగానే కండక్టరు సంచి పైన పెట్టమన్నాడు. అమ్మ ఇవ్వలేదు. అందులో తెల్లగుడ్డలో మూటగట్టిన మట్టి ముంత ఉంది. సంగతి చెవిలో చెప్పాక ఆయనే ముందు సీటు కుర్రాణ్ని లేపి అమ్మను కూర్చోబెట్టాడు. ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన సర్వీసు అదే.

నాన్న సంవత్సరీకం అయ్యింది. అస్థికలు చాలావరకు ఆయన పోయినప్పుడే గోదావరిలో కలిపాం. కొంచెం మాత్రం శ్రీకూర్మంలో కలపాలని అమ్మ పెరట్లో కొబ్బరిచెట్టుకు కట్టి ఉంచింది.

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగగానే ఒకతను వెంటపడ్డాడు. పంతులు, ఆటో, సామాన్లు అన్నీ కలిపి ఐదు వేలట. వద్దనుకుని మేమే 900కి ఆటో మాట్లాడుకున్నాం, వెయిటింగుతో సహా. శ్రీకూర్మం ఊరికి 15 కిలోమీటర్ల లోపే. కార్యం చేయించే వాళ్లు అక్కడే దొరుకుతారు. పీట మీద కూర్చోక ముందే ఎంతో తేల్చుకోండి, తర్వాత బేరమాడే మనసు ఉండదు.

గుడి కోనేరు శ్వేత పుష్కరిణి దగ్గర మోకాళ్ల నొప్పులవాళ్లకు తోడు మనిషి ఉండాలి, తడి మెట్లు. అమ్మ నా భుజం పట్టుకుని దిగింది. ముంత ఒంపాక దాన్ని నీళ్లలో మూడుసార్లు కడిగింది, ఇంట్లో పాలగిన్నె కడిగినట్టే. నాకు అక్కడ దుఃఖం ఆగలేదు. ఆసుపత్రి వరండాలో ఆ రాత్రంతా నేను మొక్కిన మొక్కులు గుర్తొచ్చి, "ఇన్నేళ్లు కొలిచావు, ఏం చేశాడమ్మా?" అనేశాను.

"అడుగు బాబూ. ఆయన్ని అడక్క ఇంకెవర్ని అడుగుతావు?" అంది.

గుడిలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే ధ్వజస్తంభాలు రెండు. కూర్మావతారానికి ఇలాంటి గుడి ఇంకెక్కడా లేదంటారు. ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. ఒకటి ఆకుకూర కాడ నములుతూ మధ్యలో ఆపి, తల లోపలికి లాక్కుని, మళ్లీ మెల్లగా బయటపెట్టింది. అమ్మ దాన్నే చూస్తూ నిలబడింది. "మందర పర్వతం కుంగిపోతుంటే ఈయన పైనుంచి ఎత్తలేదురా. కిందకెళ్లి వీపు పెట్టాడు. పైకి ఏటి కనబడుద్ది?" అంది. గోడల మీది పాత బొమ్మల కోసం నేను ఇంకో గంట ఉండేవాణ్ని, ఆటో అతను రెండుసార్లు ఫోన్ చేశాడు.

మొదటి రాత్రి లాడ్జి పేరు రాయను. గది 1,200. లిఫ్ట్ లేదని ముందు చెప్పలేదు, రెండో అంతస్తు ఇచ్చారు. వేడినీళ్లు బకెట్ లెక్క. ఇవన్నీ సర్దుకోవచ్చు గానీ తలుపు గడియ వదులు. నాన్న రాత్రి రెండింటికి పోయారు. అప్పట్నుంచి అమ్మకు రాత్రంటే భయం. మూడుసార్లు లేచి గడియ చూసింది, లైటు తీయనివ్వలేదు.

"స్వామి ఉన్నాడంటావు, మళ్లీ ఈ టెన్షన్ ఏంటి?" అన్నాను విసుగ్గా.

"ఉన్నాడనే కదా, నిద్దర రాకపోయినా పడుకున్నాను. లేకపోతే వీధిలో కూర్చుందును." దుప్పటి ముసుగేసుకుంది. అమ్మ నమ్మకం అంటే భయం లేకపోవడం అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను నేను.

మర్నాడు అరసవల్లి. ఊరికి ఆనుకునే ఉంటుంది, ఆటో చాలు. ఆదివారం రద్దీ ఎక్కువ, మేము సోమవారం పొద్దున్నే వెళ్లాం కాబట్టి దర్శనం త్వరగా అయింది. ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు తొలి కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయి. ఆ రోజుల్లో పెద్దవాళ్లతో మాత్రం వెళ్లకండి, జనం తోపులాట. నాన్న పేరున అర్చన అడగబోయి అమ్మ ఆగింది, నా పేరు చెప్పింది.

శ్రీముఖలింగం శివాలయం కూడా అనుకున్నాం. దాదాపు 45 కిలోమీటర్లు, వంశధార ఒడ్డు. అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు. టిఫిన్ల సంగతంటే, ఏడు రోడ్ల జంక్షన్ వైపు చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా బ్రహ్మాండం.

రెండో రాత్రి వేరే లాడ్జి. 400 ఎక్కువ, కానీ లిఫ్ట్ ఉంది, గడియ గట్టిది. అమ్మ ముంత కట్టిన గుడ్డ ఉతికి కిటికీకి ఆరేసింది. లైటు ఆ రాత్రీ వెలుగుతూనే ఉంది. గడియ మాత్రం రెండుసార్లూ నేనే లేచి చూశాను.