అత్తగారి పూర్వీకుల కోసం ఆరేళ్ళుగా: ఏది పనికొచ్చింది, ఎక్కడ బోల్తా పడ్డాను

మా ఆయనది ఇంగ్లాండే. అత్తగారి పుట్టింటి వాళ్ళు సఫోక్‌లోని లావెన్‌హామ్ వాళ్ళు, అదే, చెక్క దూలాల పాత ఇళ్ళు పక్కకి ఒరిగి నిలబడి ఉంటాయే, ఆ ఊరు. 2020 లాక్‌డౌన్‌లో ఏమీ తోచక ఆవిడ పూర్వీకుల్ని వెతకడం మొదలుపెట్టాను, ఇంకా వదల్లేదు. నాలాగా మొదటి రోజే డబ్బు కట్టేయకండి. ముప్పాతిక పని ఉచితంగానే అయిపోతుంది.

పాత రికార్డులు వెతుక్కునే వెబ్‌సైట్లు ఫ్రీబీఎండీ, ఫ్రీరెగ్, ఫ్యామిలీసెర్చ్, మూడూ ఉచితమే. మొదటి రెండూ వాలంటీర్లు ఓపిగ్గా కూర్చుని టైపు చేసిపెట్టినవి. ఇక ప్రభుత్వం జననాలు, మరణాలు నమోదు చేయడం 1837 జూలైలో మొదలైంది. జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆన్‌లైన్ ఇండెక్స్‌లో అప్పటి నుంచీ బిడ్డ పేరు పక్కన తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. దీనికి ఐదుకి ఐదు. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో నాలుగు కుటుంబాలుంటే ఎవరి పిల్లలు ఎవరో నాకు తేలింది దీంతోనే.

అంతకు ముందు సంగతులకి చర్చి రిజిస్టర్లే గతి. ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో పెట్టించాడు గానీ అన్ని ఊళ్ళవీ అప్పటి నుంచి మిగల్లేదు. 1813 నుంచి అచ్చు ఫారాలొచ్చాయి, బాప్తిస్మం దగ్గర తండ్రి ఏం పని చేసేవాడో కూడా రాస్తారు. మావాళ్ళకి ప్రతిసారీ కూలీ, కూలీ, కూలీ. పెళ్ళి రిజిస్టర్లో సంతకం చోట అడ్డగీతల గుర్తు, మన నిశానీ లాగే. ఒక్క ముత్తవ్వ మాత్రం జనాభా లెక్కల్లో గుర్రపు వెంట్రుకలతో బట్ట నేసే మనిషిగా కనిపించింది. అది విని అత్తగారు రెండు రోజులు చుట్టాలందరికీ ఫోన్లు చేశారు.

నేను బోల్తా పడింది అత్తగారి పూర్వీకుడు విలియం దగ్గర. డబ్బు కట్టిన సైటు (పేరెందుకులెండి) 1823లో బాప్తిస్మం అయిన విలియంని చూపించింది, పదకొండు మంది వంశవృక్షాల్లో అతనే ఉన్నాడు, నేనూ నొక్కేశాను. 1841 జనాభా లెక్కల్లో వయసు 15. ఆ ఏడు పదిహేను దాటినవాళ్ళ వయసుని చాలాచోట్ల కింది ఐదుకి దించి రాశారు, పద్దెనిమిదేళ్ళవాడూ 15 అయిపోతాడు, అలా సరిపెట్టుకున్నా. 1851లో 24 అని ఉంటే రాసినవాడే పొరబడ్డాడనుకున్నా. రెండేళ్ళు ఆ చెట్టు కిందే కూర్చున్నాను!

చివరికి ఒక రాత్రి ఖననాల రిజిస్టర్ ఫొటోలు ఒక్కో పేజీ తిప్పుతుంటే 1825లో అదే పేరు, అదే ఊరు, వయసు 2. ఆ పసివాడు అప్పుడే పోయాడు. మరుసటేడు పుట్టినవాడికి మళ్ళీ విలియం అనే పెట్టారు, మావాడు వీడు. అక్కడ అది మామూలేనట. మన దగ్గర పిల్లలు దక్కకపోతే తర్వాతివాడికి పెంటయ్యనో పుల్లయ్యనో పెట్టేవాళ్ళు, వీళ్ళేమో పోయినవాడి పేరే మళ్ళీ పెట్టారు. ఆ పదకొండు మందికీ మెసేజ్ పెట్టాను, ఇద్దరే మార్చుకున్నారు.

డబ్బు కట్టే సైట్లు వద్దనను, 1921 జనాభా లెక్కల కోసం నాకూ కట్టక తప్పలేదు. 1931వి 1942లో కాలిపోయాయి, 1941లో అసలు తీయలేదు, మధ్యలో యుద్ధం మొదలవగానే ఇంటింటి పేర్లూ రాసుకున్న 1939 రిజిస్టరే దిక్కు. కాకపోతే చూడాల్సినవన్నీ ముందే రాసిపెట్టుకుని ఒక్క నెలకి కట్టండి, కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. ఇంగ్లాండ్‌లో ఉంటే లైబ్రరీకి వెళ్ళి చూడండి, చాలాచోట్ల అక్కడి కంప్యూటర్లో ఇవి ఉచితం. మొత్తానికి నా మార్కులు ఐదుకి నాలుగు, పోయిన ఒకటీ నా తొందరకి.

ఇప్పుడు అత్తగారు వాళ్ళమ్మ వైపు చూడమంటున్నారు. వాళ్ళది వేల్స్, ఇంటిపేరు జోన్స్, ఊళ్ళో సగం మందిదీ అదే.