పోచంపల్లి పట్టు అని చెప్పి నల్లగొండలో అచ్చు చీర అంటగట్టారు: కొనేవారు జాగ్రత్త

మొన్న శుక్రవారం నల్లగొండలో, పోచంపల్లి పట్టుకు పెట్టింది పేరని అందరూ చెప్పుకొనే ఒక దుకాణంలో, పాలిస్టర్ గుడ్డ మీద అచ్చు వేసిన చీరను చేనేత పట్టు చీర అని నమ్మించి నాకు 9,500 రూపాయలకు అంటగట్టారు. ఫిర్యాదు పెట్టాను కనుక దుకాణం పేరు ఇక్కడ రాయను. జిల్లాలో పెళ్ళి బట్టలు కొన్నవారిలో చాలామంది ఆ మెట్లు ఎక్కినవారే.

మా మనవరాలు పన్నెండో తరగతి పూర్తి చేసింది. శనివారం సాయంత్రం బడిలో గ్రాడ్యుయేషన్ డే, ఆడపిల్లలందరూ చీరలు కట్టుకొని రావాలన్నారు. నేనూ నా భార్యా ఒకరోజు ముందే దేవరకొండ నుండి బస్సులో వచ్చాము. ఆమెను కూతురింట్లో దింపి నేను ఒక్కడినే దుకాణానికి వెళ్ళాను. ఆమెను వెంట తీసుకొనివెళ్ళి ఉంటే ఇది రాయవలసిన అవసరమే వచ్చేది కాదు. ఆమె పుట్టిల్లు చేనేతకు పేరున్న పుట్టపాక. పెళ్ళికి ముందు ఎన్నో ఏళ్ళు ఆసు పోసింది, అంటే నేతకు పోగులు సిద్ధం చేసింది. మేకుల చుట్టూ పోగును తిప్పుతూ రోజుకు కొన్ని వేల సార్లు చేయి ముందుకూ వెనక్కూ ఆడించే ఆ పని వల్ల ఆమె కుడి భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. చింతకింది మల్లేశం గారు తన తల్లి పడిన ఈ బాధను చూసే ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు మా ఇంటి చుట్టుపక్కల మిఠాయి పంచింది ఈమే. అటువంటి మనిషిని, చీర చూసి సంతోషపడుతుందని, చెప్పకుండా వదిలి వెళ్ళడం నా తప్పు.

యజమాని స్వయంగా చీర విప్పి, "ఇది మా సొంత మగ్గాల సరుకు సార్, మా నాయన చిటికి కట్టిన డిజైన్" అన్నాడు. చిటికి అంటే నేసే ముందే పోగులను డిజైన్ ప్రకారం అక్కడక్కడ కట్టి రంగులో ముంచడం. బిల్లు అడిగితే ఎస్టిమేట్ అని ఒక చీటీ చేతికిచ్చాడు. దాని మీద "చీర 1, 9,500" అని తప్ప ఏమీ లేదు. నేను చదవకుండానే జేబులో పెట్టుకున్నాను.

రాత్రి భోజనాలయ్యాక చీరను ఆమె ఒడిలో పెట్టాను. మడత విప్పకముందే వేళ్ళతో ఒకసారి నలిపి నా ముఖంలోకి చూసింది. తరువాత లైటు కిందికి తీసుకొనివెళ్ళి తిరగేసింది. చిటికి కట్టిన పోగులను ముందే రంగులో ముంచి ఆ తరువాత నేస్తారు కాబట్టి, పువ్వయినా ఏనుగయినా రెండు వైపులా ఒకే రంగులో కనిపిస్తుంది, దాని అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ఈ చీర వెనుక వైపు వెలిసిపోయి ఉంది, పూల అంచులు కత్తెరతో కత్తిరించినట్టు ఉన్నాయి. ఆమె కొంగు కుచ్చుల నుండి ఒక పోగు లాగి పొయ్యి మంటకు చూపింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఆ పోగు ముడుచుకొని, కరిగి, ఆవగింజంత నల్లటి పూసగా గట్టిపడింది. దానిని నా అరచేతిలో పెట్టి, "ఎంత పెట్టి తెచ్చిన్రు?" అని మాత్రమే అడిగింది.

మరునాడు దుకాణం తీయగానే ఇద్దరమూ వెళ్ళాము. ముందురోజు మంచినీళ్ళు తెప్పించి "సార్, సార్" అన్న మనిషి ఈసారి కుర్చీలో నుండి లేవలేదు. నా భార్య చీర వెనుక వైపు చూపించి చెప్పబోతుంటే మధ్యలోనే ఆపి, "నువ్వు ఆగు పెద్దమ్మా, చీరల సంగతి నీకేం తెలుసు, పోగు గుంజి ఖరాబు చేసి తెచ్చిండ్రు" అన్నాడు. నేను చీటీ చూపితే, "దాని మీద పట్టు అని యాడ రాసుంది, చదువు" అన్నాడు. చివరికి పదిమంది వింటుండగా, "తొమ్మిదిన్నర వేలకు అసలు పట్టు ఎట్లొస్తది పెద్దాయనా, నీకన్న తెలివి ఉండొద్దా?" అన్నాడు. ముందురోజు తండ్రి చేతి పని అని చెప్పి అమ్మిన నోరే అది. పోయిన డబ్బు బాధ కొన్నాళ్ళకు తగ్గవచ్చు. కన్నతండ్రి పనితనాన్ని సాక్ష్యంగా పెట్టి ఆడిన ఆ అబద్ధాన్ని, ఆసు పోసి భుజం అరిగిపోయిన మనిషికి చీరల సంగతి తెలియదన్న ఆ మాటను నేను మరచిపోలేను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను, ఒక్క మాట తిరిగి అనలేక చీరను సంచిలో పెట్టుకొని మెట్లు దిగాను.

సాయంత్రం మనవరాలు, వాళ్ళ అమ్మ తీసిపెట్టిన చీరను పక్కకు నెట్టి, "తాతయ్య తెచ్చిందే కట్టుకుంటా" అని ఆ అచ్చు చీరనే కట్టుకుంది. రాత్రి మా మాటలన్నీ పక్క గదిలో నుండి విన్నదని తరువాత తెలిసింది. పిల్ల వేదిక మీదికి నడుస్తుంటే తన ముఖం చూడవలసిన నేను, ఆ పూల అంచులనే చూస్తూ కూర్చున్నాను.

కొనేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. సిల్క్ మార్క్ ఉంటే దారం పట్టు అని అర్థం, హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే మగ్గం మీద నేసింది అని అర్థం, రెండూ చూడండి. చీరను తిరగేసి చూడండి. "చేనేత పట్టు" అని రాసిన అసలు బిల్లు ఇవ్వనివారి దగ్గర కొనకండి. ఆ దుకాణంలో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు ఉంది, దానికి భయపడనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, బిల్లులో గడువు రాయనప్పుడు 30 రోజులలోపు లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చీర, ఎస్టిమేట్ చీటీ, ఆ నల్లపూస మూడూ ఒకే సంచిలో పెట్టి ఉంచాను. అదే దుకాణంలో మీకూ ఇటువంటి చీటీ ఇచ్చి ఉంటే పారవేయకండి.