పిల్లలతో మెక్సికో: మెక్సికో సిటీ మేలా, యుకతాన్ మేలా?

ఉన్న వారంలోనే రాజధాని మెక్సికో సిటీ, ఆగ్నేయాన ఉన్న యుకతాన్ ద్వీపకల్పం రెండూ చుట్టేద్దామని చాలా కుటుంబాలు ప్లాన్ వేసుకుంటాయి. అలా చేయకండి. రెండింటి మధ్య విమానంలోనే దాదాపు రెండు గంటలు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళడం, దిగాక హోటల్ చేరడం కలిపితే ఒక పగలంతా అందులోనే పోతుంది. ఒకటే పెట్టుకోండి.

పిల్లలు పదేళ్ళ లోపు వాళ్ళయితే యుకతాన్ మేలు. చిన్నపిల్లలకు బోర్డు మీద చదివింది గుర్తుండదు, ఒంటితో చేసింది గుర్తుంటుంది. మాయా జనం కట్టిన పాత నగరం చిచెన్ ఇట్సాలో పెద్ద పిరమిడ్ ఎక్కనివ్వరు. అయినా ఉత్తరం వైపు మెట్ల ఎదురుగా కొంత దూరంలో నిలబెట్టి చప్పట్లు కొట్టించండి. ప్రతిధ్వని పిట్ట కూతలా తిరిగొస్తుంది. ఒక్కో మెట్టు నుంచి శబ్దం కొద్ది తేడాతో వెనక్కి రావడమే దానికి కారణం. తర్వాత లెక్క చెప్పండి: ఒక్కో వైపు 91 మెట్లు, నాలుగు వైపులా 364, పైన గుడి అరుగు కలిపితే 365. ఏడాదికి ఎన్ని రోజులో ఆ రాళ్ళే చెబుతాయి.

బస మాత్రం పక్క రాష్ట్రంలోని బీచ్ నగరం కాన్‌కూన్‌లో వద్దు. అక్కడి నుంచి చిచెన్ ఇట్సా 200 కిలోమీటర్లు. టూర్ బస్సులు చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, జనం నిండిపోతారు. వయాదోలిద్ ఊరు 45 కిలోమీటర్లే. అక్కడ రాత్రి ఉండి, ఎనిమిదింటికి గేటు తీసేసరికి నిలబడితే మొదటి గంటన్నర ప్రశాంతంగా చూడొచ్చు. టికెట్లు రెండు ఉంటాయి, ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. రెండూ లోపలికి వెళ్ళేదాకా జాగ్రత్తగా పట్టుకోండి. ఇంకో మెలిక గడియారంది. కాన్‌కూన్ టైము యుకతాన్ రాష్ట్రం కంటే ఏడాది పొడుగునా గంట ముందుంటుంది. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరుగు ప్రయాణంలో అదే గంట పోతుంది. రిటర్న్ ఫ్లైట్ కాన్‌కూన్ నుంచే అయితే ఇది మర్చిపోయి బయల్దేరినవాళ్ళకు విమానం తప్పిపోవచ్చు.

సెనోతేలంటే సున్నపురాయి పైకప్పు కూలి ఏర్పడిన నీటి గుంటలు. అందులో ఉన్నది ఆ ప్రాంతపు భూగర్భ జలమే. అందుకే దిగేముందు షవర్ తప్పనిసరి, సన్‌స్క్రీన్ రాసుకోనివ్వరు. పిల్లలకు పొడుగు చేతుల ఈత చొక్కా వేస్తే చాలు. మన చెరువుల్లా ఇవి ఒడ్డు నుంచి మెల్లగా లోతవ్వవు. చాలాచోట్ల చివరి మెట్టు దాటగానే అడుగు అందదు. పిల్లాడికి ఈత వచ్చినా లైఫ్ జాకెట్ మెట్ల పైనే తొడగండి. తడిసిన సున్నపురాయి మెట్లు జారతాయి కాబట్టి రబ్బరు పట్టున్న చెప్పులు కావాలి.

పదకొండు, పన్నెండు దాటిన పిల్లలుంటే మెక్సికో సిటీకే నా ఓటు. నగరం 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రోజు తలనొప్పి, ఆయాసం రావచ్చు. ఆ రోజు పార్కుతో సరిపెట్టి నీళ్ళు బాగా తాగించండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్ళు తోడొస్తుంటే ముందే డాక్టర్ని అడగాలి. రెండో రోజు పాత పిరమిడ్ల నగరం తెయోతివాకాన్. ఉత్తరపు బస్ టెర్మినల్ నుంచి గంట ప్రయాణం. 'పిరామిదెస్' బస్సేనా అని అడిగి ఎక్కండి, లేకపోతే పక్కనున్న ఊళ్ళో దింపేస్తారు. లోపల నీడ లేదు, టోపీలు తీసుకెళ్ళండి. ఆంత్రోపాలజీ మ్యూజియం దాని తర్వాతే పెట్టుకోండి, సోమవారం సెలవు. తెయోతివాకాన్ హాలు, మెహికా (అజ్టెక్) హాలు చూసి బయటికి వచ్చేయండి. అజ్టెక్‌లు చెక్కిన 24 టన్నుల రాతి చక్రం, సూర్యశిల ముందు పిల్లలు తీరిగ్గా నిలబడితే చాలు, అన్ని హాళ్ళూ తిప్పితే ఏదీ మిగలదు.

శాకాహారుల ఇల్లయితే సిటీదే పైచేయి. గుమ్మడి పూలు, నాగజెముడు ఆకులు, పుట్టగొడుగులు పెట్టి మడిచిన రొట్టెలు, కెసదీయాలు వీధి చివరే దొరుకుతాయి. జున్ను కావాలంటే 'కోన్ కేసో' అని చెప్పాలి, ఆ నగరంలో అడగందే వేయకపోవచ్చు. అసలు చిక్కు రాజ్మా ముద్దతోనూ అన్నంతోనూ వస్తుంది. ముద్దలో పందికొవ్వు కలుపుతారు, అన్నం తరచుగా కోడి రసంలో వండుతారు. మాంసం వద్దంటే సరిపోదు. 'సిన్ మాంతేకా, సిన్ కాల్దో దే పోయో' (పందికొవ్వు వద్దు, కోడి రసం వద్దు) అని విడిగా చెప్పండి. మొక్కజొన్న రొట్టెలు, అంటే మొక్కజొన్న తోర్తియాలకు భయం లేదు, సున్నపు నీళ్ళలో ఉడికించిన గింజలతో చేసినవి. ఎర్రటి 'హమైకా' పానీయం పిల్లలకు తాగించి చూడండి, మన గోంగూర జాతి మొక్క పూల కింది ఎర్ర రెక్కలతో కాచినదే. ఏ నీళ్ళతో చేశారో మాత్రం అడగండి. కుళాయి నీళ్ళు రెండుచోట్లా తాగకూడదు.

నెల కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో యుకతాన్ ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల కాలం. అమెరికాలో ఉండి వేసవి సెలవుల్లో బయల్దేరేవాళ్ళకు సిటీ నయం, అక్కడ వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు రెండూ బాగుంటాయి, సిటీలో ఉదయం స్వెటర్ కావాలి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు గడువున్న అమెరికా వీసా స్టాంపు ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. బి2 (విజిటర్ వీసా) మీద వచ్చిన అమ్మానాన్నలకూ అంతే. గ్రీన్ కార్డు ఉన్నా చాలు. స్టాంపు గడువు దాటి, చేతిలో ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) మాత్రమే ఉంటే అది మెక్సికోలోకి వెళ్ళడానికి పనికిరాదు. కాబట్టి టికెట్లు కొనకముందే ఇంట్లో ప్రతి ఒక్కరి స్టాంపు తేదీ చూసుకోండి.