తాత ఫోటోకు కాపీరైట్ అన్నరు: నల్లగొండల ఫోటో ల్యాబుల మీద నా రివ్యూ

తాత పాత ఫోటోను పెద్దగ చెయ్యమంటే కాపీరైట్ అని కాదన్న నల్లగొండల ఒక ల్యాబుకు రెండు స్టార్లు ఇస్తున్న. ఆ రెండు కూడ మిషను మంచిది, ప్రింటు బాగొస్తది అనే ఇస్తున్న, ఎందుకంటే పోయినేడాది ఇదే ల్యాబుల మా పిల్లల ఫోటోలు మ్యాక్సీ సైజుల నూరు దాక కడిగించిన, ఒక్క దాంట్ల గూడ రంగు తేడా రాలే. షాపు పేరు రాస్తలేను. అక్కడ పని చేసే పిలగాండ్ల పొట్ట కొట్టుడు నాకిష్టం లేదు, పైగ ఈ ముచ్చట ఒక్క షాపుది కాదు, మా ఊళ్లె ఇంక ఇద్దరు ముగ్గురికి గూడ వేరే వేరే చోట్ల గిట్లనే అయిందంట.

మాది మిర్యాలగూడ దిక్కు పల్లె. కొత్తిల్లు కట్టుకున్నం, గృహప్రవేశం పెట్టుకున్నం, మా నాయినమ్మ ఒక్కటే అడిగింది, హాలుల మీ తాత ఫోటో పెద్దగ చేపిచ్చి పెట్టుండ్రి అని. తాతది ఇంట్ల ఉన్నదే ఒక్క ఫోటో. మా తాత నాగార్జునసాగర్ డ్యాం కట్టేటప్పుడు అక్కడ రాళ్ల పనికి పోయిండు. సాగర్ కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ ల, కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు ఇడిసింది 1967 ఆగస్టుల, నడుమ పన్నెండేండ్లు వేల మంది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాం అది. తాత ఆ నీళ్లు చూడనే లేదు, అంతకు కొన్ని నెలల ముందే జరమొచ్చి పోయిండు, అప్పటికి మా నాయినకు రెండేండ్లు గూడ నిండలేదు. ఇప్పుడు ఎడమ కాలువ నీళ్లు మా పొలం పక్క నుంచే పోతయి. నాయినకు వాళ్ల నాయిన మొఖం తెలిసింది ఆ ఒక్క ఫోటోతోనే.

ఫోటో అరచేయంత ఉంటది, సుమారు మూడు ఇంచులు నాలుగు ఇంచులు, బ్లాక్ అండ్ వైట్. తాత తలకు రుమాలు కట్టుకొని తెల్లంగి ఏసుకొని కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు, వెనకాల తెర మీద మెట్లు, పూలకుండీ పెయింటింగు. పైన గుండుసూది గుచ్చిన తుప్పు మరక, నడుమ మడత పడి గీత. కుడి కింది మూలన స్టూడియో ముద్ర ఉంది, సిరాతోని కొట్టింది కాదు, కాయితాన్ని ఒత్తి లేపిన ముద్ర, ఏలు పెట్టి తడిమితే అచ్చరాలు తగుల్తయి. వెనకాల పెన్సిల్ తోని 1966 అని రాసుంది.

ఆ ముద్రే కొంప ముంచింది.

నల్లగొండకు పోయి కౌంటర్ల పిలగానికి ఫోటో ఇచ్చి, తమ్మీ దీన్ని స్కాన్ చేసి పన్నెండు పదహారు ఇంచుల సైజు చెయ్యాలె, గీత, మరక తీసెయ్యాలె అన్న. తిప్పి తిప్పి చూసి, అన్నా ఇది స్టూడియో ఫోటో, వాళ్ల ముద్రుంది, మేం కాపీ చెయ్యం, కాపీరైట్ ప్రాబ్లం అయితది, తీసినాయన దగ్గర లెటర్ రాపిచ్చుకొని రాండ్రి అన్నడు. నేను ముందుగాల సమజ్ కాక నవ్విన. అరవై ఏండ్ల కిందటి ఫోటో, తీసినాయన ఎక్కడున్నడో, అసలు ఉన్నడో లేడో, నేను యాడికెల్లి లెటర్ తేవాలె? అయినా మనసు ఊకోక ఆదివారం సాగర్ పోయిన, హిల్ కాలనీల, పైలాన్ కాలనీల పాత మనుషులను అడిగిన. ఆ స్టూడియో పేరు యాదున్నోళ్లు ఇద్దరు దొరికిర్రు గాని అది బందయి ఏండ్లయిందంట, వాళ్లోళ్లు ఎటు పోయిర్రో ఎవ్వరికి తెల్వదు.

మళ్ల ల్యాబుకు పోయిన, ఈసారి ఓనర్ తోనే మాట్లాడిన. ఆయన మర్యాదగనే మాట్లాడిండు, అది అబద్ధం చెప్పను. కాని మాట మాత్రం అదే. నా ఫోన్ల ఉన్న మా అక్క పెళ్లి ఫోటో ఒకటి చూపెట్టి పోనీ ఇదన్న చేస్తరా అంటే దాని మూలకు ఫోటోగ్రాఫర్ పేరుంది గాబట్టి అది గూడ కాదన్నడు. ఆ పెళ్లికి ఫోటోలు, వీడియో, కరిజ్మా ఆల్బమ్ అన్ని కలిపి మేం ఎనభై ఐదు వేలు కట్టినం, ఒక్క రూపాయి బాకీ లేదు. మా పైసలు, మా అక్క, మా ఇంటి ముందటి పందిరి, ఇంక ఫోటో మాది కాదా అని గట్టిగనే అడిగిన. ఫోటో తీసినోడిదే హక్కు సార్, మొత్తం ప్రపంచంల అదే రూలు, నేను వీడియోలల్ల చూసిన అన్నడు.

ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలే, ఎందుకంటే నాకు గూడ చట్టం తెల్వదు. నల్లగొండ కోర్టుల వకీలు చేసే మా బావకు ఫోన్ కొట్టిన. బావ పుస్తకం తీసి చదివి మరీ చెప్పిండు, నేను అప్పుడే కాయితం మీద రాసుకున్న, మీకు గూడ పనికొస్తదని ఇక్కడ పెడుతున్న.

మన దేశంల కాపీరైట్ చట్టం 1957ది. దాంట్ల 17వ సెక్షన్ ఉంది. మామూలుగ ఫోటో ఎవరు తీస్తే వాళ్లే మొదటి హక్కుదారు, అంతవరకు ఓనర్ చెప్పింది కరెక్టే. కాని అదే సెక్షన్ల కింద ఇంకో మాటుంది, ఎవరన్న పైసలిచ్చి నాకు ఫోటో తియ్యి అని తీపిచ్చుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఆ ఫోటో మీద మొదటి హక్కు పైసలిచ్చి తీపిచ్చుకున్నోళ్లదే. అంటే 1966ల తాత తన కూలి పైసలల్లకెల్లి తీసి స్టూడియోకు పోయి దిగిన ఫోటో తాతదే. తాత పోయినంక ఆ హక్కు పొలం లెక్కనే, ఇల్లు లెక్కనే వారసులకు వస్తది, అంటే నాయినమ్మకు, మా నాయినకు. లెటర్ రాసియ్యాల్సి వస్తే నాయినమ్మే ఏలిముద్ర ఏసి రాసియ్యాలె! ఇంక 52వ సెక్షన్ అని ఒకటుంది, సొంతానికి, ఇంట్ల వాడుకునేటందుకు న్యాయంగ వాడుకుంటే అది ఉల్లంఘన కిందికి రాదని ఉంది అందుల.

మరి ఓనర్ చూసిన వీడియోలు అబద్ధమా అంటే అది గూడ కాదు, బావ చెప్పిండు, అమెరికాల రూలు వేరే. అక్కడ పెళ్లికి ఫోటోగ్రాఫర్ ను పైసలిచ్చి పెట్టుకున్నా సరే, రాతకోతలు లేకపోతే హక్కు ఫోటోగ్రాఫర్ దే. కావాలని కాపీ చేసినట్టు రుజువయితే ఒక్కో దానికి లక్షా యాభై వేల డాలర్ల దాక కట్టమనొచ్చు. అందుకే అక్కడి ల్యాబులోళ్లు స్టూడియోల తీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తే చాలు, లెటర్ తెమ్మంటరు. అక్కడి చట్టానికి అక్కడ భయపడాలె గాని నల్లగొండల కూసుండి దానికి భయపడి మా నాయినమ్మను ఎనుకకు పంపుడు ఏం న్యాయం?

ల్యాబోళ్ల బాధ గూడ నేను ఇన్న, అది గూడ రాయాలె. వాళ్లకు ఇంతకు ముందు ఒక లొల్లయిందంట. ఎవరో పెళ్లోళ్లు ఆల్బమ్ సెలక్షన్ కోసం ఫోటోగ్రాఫర్ పంపిన ఫోటోలను, బాకీ పైసలు కట్టకుండనే, ఈడికి తెచ్చి ప్రింట్లు ఏపిచ్చుకున్నరు. ఫోటోగ్రాఫర్ వచ్చి షాపు ముందట నిలబడి అడిగిండు. ఆయన అడుగుడు తప్పు కాదు. రాత్రంత పందిట్ల నిలబడి, తెల్లారి ముహూర్తం దాక కెమెరా మోసి, నెల రోజులు కంప్యూటర్ ముందట కూసున్న మనిషికి బాకీ ఎగ్గొట్టుడు పాపం. 63వ సెక్షన్ కింద తెలిసి తెలిసి ఉల్లంఘించినోళ్లకు, అందుకు సాయం చేసినోళ్లకు గూడ ఆరు నెలల నుంచి మూడేండ్ల దాక జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాక జరిమానా ఉంది, కాబట్టి షాపోళ్లు జాగ్రత్త పడుడు మంచిదే. కాని జాగ్రత్త అంటే అడుగుడు. ఇది ఎవరిది, ఎప్పటిది, బాకీ ఉందా, బిల్లుందా అని నాలుగు ముక్కలు అడిగి, ఇది మా ఇంటి ఫోటో, ఏమన్నయితే నాదే బాధ్యత అని ఒక్క లైను సంతకం తీసుకోవచ్చు. మూలకు ముద్ర కనిపిస్తే చాలు తిప్పి పంపుడు జాగ్రత్త కాదు. నేను నిలబడ్డ కౌంటర్ మీదనే సినిమా హీరోల బొమ్మలేసిన కప్పులు, టీషర్టులు అమ్మకానికి పెట్టిర్రు, వాటికి ఎవరి దగ్గర లెటర్ తెచ్చిర్రని అడిగితే ఓనర్ జవాబు చెప్పలే.

ఇంక పని ఎక్కడయిందో చెప్త. ప్రకాశం బజార్ లోపటి గల్లీల ఒక చిన్న స్టూడియో ఉంది, ఒక పెద్దాయన, ఆయన కొడుకు నడుపుతరు, ఇద్దరు గిరాకీలు వస్తే మూడో మనిషి బయట నిలబడాలె. ఈళ్లకు ఐదుకు ఐదు. పెద్దాయన ఫోటోను చేతుల తీసుకునే ముందు చేతులు తువ్వాలతోని తుడుసుకున్నడు. ఎవరు బిడ్డా అన్నడు, మా తాత అన్న, సాగర్ ల పని చేసినోడా అని ఆయనే అన్నడు, ఆ ముద్ర చూసే గుర్తు పట్టిండు. అంచుల కాడ వెండి లెక్క మెరుస్తుంది చూసినవా, పాత కాయితంల ఉండేది వెండే, అది పైకి తేలుతుంది, ఇట్ల పెట్టి స్కాన్ చేస్తే మెరుపు కొడ్తది, జాగ్రత్తగ చెయ్యాలె అని చెప్పిండు.

నేను ముందే ఫోన్ తోని తీసి వాట్సాప్ ల పంపుకున్న కాపీ చూపెట్టిన, ఆయన కొడుకు వద్దన్నడు, మామూలుగ పంపితే అది పంపేటప్పుడే చిన్నగయితదంట, పొడుగు దిక్కు దాదాపు 1600 పిక్సెల్స్ మాత్రమే మిగుల్తయి, పదహారు ఇంచుల ప్రింటుకు పెడితే ఇంచుకు వందే వస్తయి, మొఖం అలుక్కపోతది. ఫోటోనే స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐ ల, అంటే ఇంచుకు 1200 చుక్కల లెక్కన, స్కాన్ చేసిండు. మూడించుల ఎడల్పుకు 3600 పిక్సెల్స్ వచ్చినయి, అవే పన్నెండించుల మీద పరిస్తే ఇంచుకు మూడు వందలు, ప్రింటుకు అంత కావాలె అని లెక్క గూడ చెప్పిండు. గీత తీసిండు, తుప్పు మరక తీసిండు. మొఖం మాత్రం ముట్టుకోలే. నున్నగ చెయ్యమంటే చేస్త గాని అప్పుడు అది మీ తాత కాదు అన్నడు.

ముద్ర గూడ తియ్యలే. తీసెయ్యి అన్నా అని నేనే అన్న, మొదటి ల్యాబు మీద కోపానికి. పెద్దాయన లోపటి నుంచి, ఉండనియ్యి బిడ్డా, తీసినాయన పనితనం అది, ఆయన లేకపోతే మీ తాతే లేకపోవు అన్నడు. నాకు అదే నచ్చింది. హక్కు మాది కావచ్చు గాని పేరు మాత్రం తీసినాయనదే ఉండాలె.

స్కానింగు, రిపేరు, ప్రింటు కలిపి ఏడు వందలు తీసుకున్నరు, ఫ్రేము వేరే తొమ్మిది వందలు. మూడు రోజులన్నరు, నాలుగు రోజులయింది, కరెంటు పోయిందని ఫోన్ చేసి చెప్పిర్రు. స్కాన్ ఫైలు గూడ పెన్ డ్రైవ్ ల ఏసి ఇచ్చిర్రు, అడగకుండనే. నచ్చని ముచ్చట ఒక్కటే, బండి పెట్టుకోనీకె జాగ లేదు, దూరంగ పెట్టి నడిసి పోవాలె.

ఇంట్ల ఫోటో విప్పంగనే నాయినమ్మ దగ్గరికొచ్చింది. ఎనభై ఏండ్ల మనిషి, కండ్లు సరిగ ఆనవు, ఫ్రేముకు మొఖం ఆనిచ్చి చూసింది. చిన్న ఫోటోల ఇన్నేండ్లు ఎవ్వరికి కనపడలే గాని పెద్దగ చేసినంక కుర్చీ మీద పెట్టిన చేతికి బొటనేలు చుట్టు గుడ్డపేలిక కట్టు కనపడ్డది. నాయినమ్మ దాని మీద ఏలు పెట్టి, రాయి పడి ఏలు నలిగింది, ఆ దినం పనికి పోలే, అందుకే ఫోటో దిగొచ్చిండు అన్నది. ఈ ముచ్చట మా నాయినకు గూడ తెల్వదు. అరవై ఏండ్ల మనిషి, అట్లనే కింద కూలబడ్డడు.

మీ ఇంట్ల గూడ గిట్ల ముద్ర ఉన్న పాత ఫోటోలుంటే, ఒక షాపోళ్లు కాదంటే అక్కడనే వదిలిపెట్టకుండ్రి, ఇంకో షాపు చూడుండ్రి. పెండ్లికి ఫోటోగ్రాఫర్ ను మాట్లాడుకునేటప్పుడు అడ్వాన్స్ రసీదు మీదనే, మొత్తం పైసలు ముట్టినంక ఫోటోలు ఎక్కడన్న ప్రింట్ చేసుకోవచ్చు అని ఒక్క ముక్క రాపిచ్చుకోండ్రి, ఎందుకంటే కొందరి బిల్లుల మీద సన్నటి అచ్చరాలల్ల కాపీరైట్ మాదే అని ఉంటది, దాని కింద సంతకం పెడితే అప్పుడు ఒప్పందం ఉన్నట్టే, 17వ సెక్షన్ ల మాట మనకు పనికిరాదు. బాకీ ఉంటే ముందు బాకీ కట్టుండ్రి.

పోయిన వారం మొదటి ల్యాబుకు మళ్ల పోయిన, కొట్లాటకు కాదు. బావ ఇచ్చిన 17వ సెక్షన్ జిరాక్స్ ఓనర్ చేతుల పెట్టిన. ఆయన నిలబడే మొత్తం చదివిండు, ఫోన్ల ఫోటో తీసుకున్నడు, మా వకీలును అడిగి చెప్త సార్ అన్నడు. వచ్చే నెల అక్క పెళ్లి ఫోటో, ఎనభై ఐదు వేల రసీదు రెండు పట్టుకొని పోత. ప్రింటు చేసిస్తే ఇదే రివ్యూల స్టార్లు పెంచుత.