ఫంగస్ ముప్పు ఎవరికి? ప్రశ్నలు మేలా, రక్త పరీక్షలు మేలా?

లోపలి అవయవాలకు పాకే ఫంగస్ అంటే మనకు 2021 మే నెలే గుర్తొస్తుంది, అప్పుడే తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను నోటిఫై చేసి (కేసు వస్తే ప్రభుత్వానికి తప్పక చెప్పాల్సిన జబ్బుగా ప్రకటించి) కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి నోడల్ కేంద్రంగా పెట్టింది. కరోనా తగ్గింది, షుగరూ స్టెరాయిడ్లూ తగ్గలేదు. అందుకే ఈ ముప్పున్న రోగిని ముందే పట్టడానికి వివరాలు అడిగి అంచనా వేయడం మేలా, ఫంగస్ గోడల్లోని పదార్థాలను రక్తంలో వెతికే గెలాక్టోమన్నన్, బీటా డి గ్లూకాన్ లాంటి పరీక్షలు మేలా అన్నది చూడాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వార్డుల్లో అయితే నా ఓటు ప్రశ్నలకే. ఖర్చు సంగతి తర్వాత, అసలు కారణం వేరు: షుగర్ రోగులను పట్టే మ్యూకర్‌ను, అంటే బ్లాక్ ఫంగస్ తెచ్చే బూజును, ఆ రెండు పరీక్షలూ పట్టవు. రిపోర్టు నెగెటివ్ అని ఇంటికి పంపితే కొంప మునిగినట్టే. దేవరకొండ వైపు నుంచో అచ్చంపేట వైపు నుంచో మోకాళ్ల నొప్పుల పెద్దాయన వస్తే, "స్టెరాయిడ్ వాడారా?" అని అడిగితే లేదనే అంటాడు. "నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటున్నరా, పొడి మందు ఏమైనా తింటున్నరా?" అని అడగాలి, సంచిలో గోలీలన్నీ తీయించి చూడాలి. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు కిలోకు 0.3 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 18 మి.గ్రా., మూడు వారాలు వాడినా ముప్పు లెక్కలోకి వచ్చినట్టే. షుగర్ ఉండి చెంప నొప్పి, కంటి వాపు, ముక్కులో నల్లని చెక్కు కనిపిస్తే రక్త పరీక్ష కోసం ఆగొద్దు. ముక్కులోంచి ముక్క తీసి కేఓహెచ్ స్లైడ్ (ఆ ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోపులో ఫంగస్‌ను చూసే పరీక్ష) వేస్తే అదే రోజు తెలుస్తుంది.

పరీక్షలు గెలిచే చోట్లూ ఉన్నాయి. బ్లడ్ క్యాన్సర్ కీమోలో న్యూట్రోఫిల్స్ (ఫంగస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) 500 లోపు పడి పది రోజులు దాటితే ఆస్పర్జిల్లస్ అనే బూజు భయం, అక్కడ గెలాక్టోమన్నన్ పనికొస్తుంది (ఫంగస్ రాకుండా ముందే మందు ఇస్తుంటే దాని విలువ తగ్గుతుంది). హెచ్‌ఐవీలో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వంద లోపుంటే చర్చే వద్దు, లక్షణాల్లేకపోయినా మెదడుకు పాకే క్రిప్టోకాకస్ ఫంగస్ కోసం యాంటిజెన్ రక్త పరీక్ష చేయాలి.

ఐసీయూలోనే తకరారు. అక్కడ రక్తంలోకి పాకే కాండిడా అనే ఫంగస్ ముప్పును రోగి వివరాలతో లెక్కగట్టే కాండిడా స్కోరులో ఆపరేషన్, నరం ద్వారా పూర్తి ఆహారం, ఒంట్లో చాలాచోట్ల కాండిడా పెరగడం, వీటికి ఒక్కో మార్కు, తీవ్రమైన సెప్సిస్‌కు (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినడానికి) రెండు. మొత్తం మూడు కన్నా తక్కువుంటే మందు మొదలుపెట్టడానికి తొందరేమీ లేదు. బ్లడ్ కల్చర్ సుమారు సగం కేసులను వదిలేస్తుంది, బీటా గ్లూకానేమో డయాలసిస్‌కో ఆపరేషన్‌లో పెట్టిన గాజుగుడ్డకో కూడా ఊరికే పెరుగుతుంది. అందుకే అది పాజిటివ్ వస్తే నేను అంతగా నమ్మను, నెగెటివ్ వస్తే మాత్రం మొదలుపెట్టిన కాండిడా మందు ఆపడానికి ధైర్యంగా వాడుకోవచ్చు.