సీసం బిళ్ళల వెనక రెండ్రోజులు: హన్మకొండ టు కోటిలింగాల

బతుకమ్మ పోయినంక రెండ్రోజులు టైం దొరికితే మా మామని (రిటైర్డ్ సోషల్ సారు) కార్ల ఎక్కించుకుని పొయ్యొచ్చిన. శాతవాహనుల పాత సీసం నాణేలు చూడాలె, అవి దొరికిన జాగ కూడ చూడాలె, గంతే ప్లాన్. ఒక్క తప్పు చేసినం, మ్యూజియం ముందు పెట్టుకున్నం. మీరు పోతే అది ఆఖర్న పెట్టుకోండి.

ఎందుకంటే ఆ చిన్న మ్యూజియంల నాణేల అద్దాల పెట్టె దగ్గర మేం నిలబడ్డది పది నిమిషాలే. అన్నీ ఒకే తీరు నల్లగ, కింద "శాతవాహన, సీసం" అని చీటి. ఏ ఊర్ల దొరికింది, బరువెంత, రెండో దిక్కు ఏముంది, ఏం లేదు. లైట్ నడినెత్తి మీద. అచ్చు బొమ్మ కనపడాలంటే వెలుతురు పక్కనుంచి వాలుగ పడాలె, కింద చిన్న అద్దం పెడితే వెనక దిక్కు కూడ కనపడ్తది, గింత పనికి కోట్లు గావాల్నా? పైగా పెట్టె చెక్కది. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగ పొడి పట్టి తినేస్తది, ఒకట్రెండు బిళ్ళల మీద ఆ తెలుపు మొదలైనట్టే అనిపించింది. అక్కడి అటెండర్ మాత్రం మంచోడు, మామ అడిగిండని ఫోన్ టార్చ్ పక్కనుంచి కొడితే ఏనుగు ఎత్తిన తొండం అప్పుడు కనపడ్డది!

రాత్రి కరీంనగర్ బస్టాండ్ దగ్గర లాడ్జ్. దుప్పట్లు నీట్‌గనే ఉన్నయ్, వేడినీళ్ళు బకెట్ల తెచ్చిస్తరు, హారన్లకు నిద్రైతే పట్టలే. పడుకునేటోళ్ళు వెనక దిక్కు రూం అడగండి.

పొద్దుగాల పెద్దబంకూరు. చూసేందుకు పెద్దగ ఏం లేదు, బోర్డు చదివి పోయేటోళ్ళు నిరాశపడ్తరు. కాని 22 వేలకు పైగా శాతవాహన నాణేలు తవ్వకాల్ల బయటపడ్డ జాగ ఇది, మట్టి గాజుల్లాంటి వరలు దించి కట్టిన బావులు కూడ దొరికినయ్ అని మామ చెప్తుంటె నిన్నటి పెట్టె గుర్తొచ్చింది, గిన్ని వేలల్ల మనకు చూపించింది గుప్పెడేనా అని. ధూళికట్టల బౌద్ధ స్తూపం ఉంది, అక్కడ నీళ్ళు, టీ దొరకవు, సీసా వెంట పెట్టుకోండి.

అసలు దిల్ నిండింది కోటిలింగాలల. గోదావరిల పెద్దవాగు కలిసే కాడ ఊరు, కోటేశ్వరస్వామి గుడి, దినమంత నీళ్ళను చూస్తు కూసోవచ్చు. కాని పాత ఊరి దిబ్బ చానమట్టుకు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళ పాలైంది. ఇక్కడి నాణేల మీదున్న బ్రాహ్మి అక్షరాలు శాసనాలు చదివే పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివితేనే గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు, "సిరి చిముక" అనే మొదటి శాతవాహనుడి పేరు బయటికొచ్చినయ్. శాతవాహనుల మొదలు ఎక్కడ అనే వాదంల తెలంగాణకు బలం గీ బిళ్ళలే. అవి దొరికిన ఊరు రాసిపెట్టకపోతే ఆ వాదమే లేకపోవు, ఉత్త సీసం ముక్కలు.

గుడి దగ్గర బెండ్లమ్మే అవ్వ మా ముచ్చట విని కొంగు ముడి ఇప్పి ఒక రాగిబిళ్ళ చూపించింది. వానలు పడ్డంక దొరికిందట, చింతపండు పెట్టి తళతళ తోమింది, అక్షరాలు సగం అరిగినయ్. మామకు పాణం ఉసూరుమంది. తోమొద్దవ్వా, పది రూపాయల కన్న ఎక్కువ విలువ చేసేది భూమిల దొరికితె కలెక్టర్‌కు చెప్పాలె, 1878 నుంచి చట్టముంది, అట్ల ఇస్తేనే మ్యూజియంకు చేరుతది అని నెమ్మదిగ చెప్పిండు.

"ఇస్తె నా పేరు రాస్తరా బిడ్డా ఆ పెట్టెల?" అనడిగింది.

మామ నా దిక్కు చూసిండు. రెండు బెండ్ల పొట్లాలు కొనుక్కుని కార్ ఎక్కినం.