మొఖం నిన్నటిది, వీపు ముసలిది: ఆన్‌లైన్ వేలంలో 11 ఏళ్లుగా పాత వాచీలు కొన్న అనుభవం

మా నాన్నకు పెళ్లిలో అత్తగారివాళ్లు పెట్టినవి మూడు: సైకిల్, రేడియో, వాచీ. సైకిల్ తుప్పు పట్టింది. రేడియో పాత సామాన్లవాడి బండెక్కింది. హెచ్‌ఎంటీ జనతా మాత్రం ముప్పై ఏళ్లు ఆయన చేతికే ఉండి, ఒకరోజు కాజీపేట స్టేషన్లో బెల్టు తెగి ఎక్కడో పడిపోయింది. అలాంటిదే ఇంకోటి కొనిద్దామని 2014లో ఆన్‌లైన్ వేలంలో మొదటి పాట పాడాను. ఆ తర్వాత ఆగలేదు. ఇప్పటికి 70 దాకా కొన్నాను, కొన్ని అమ్మాను. హసన్‌పర్తి దగ్గర బడిలో లెక్కలు చెప్తాను కాబట్టి ప్రతిదీ నోటుబుక్కులో రాసిపెట్టుకునే అలవాటుంది. 70లో 14 సార్లు అమ్మినవాళ్లతో గొడవ పడ్డాను. ఈ సమీక్ష వాచీల గురించి కాదు, ఆ 14 మంది గురించి.

వేలంలో కొనడానికైతే ఐదుకు మూడున్నర ఇస్తాను. సెల్లర్లకు మొత్తంగా కలిపి మార్కులు వేయడం నావల్ల కాదు, ఒకే క్లాసులో వందకు వంద వచ్చినవాడూ తెల్లపేపరు ఇచ్చినవాడూ కూర్చున్నట్టు ఉంటారు. ఒకటి మాత్రం నోటుబుక్కు చూసి చెప్పగలను. నామీద కసురుకున్నవాళ్ల దగ్గర నేను పోగొట్టుకున్నది తక్కువ. డబ్బు పోయిందల్లా తీయగా మాట్లాడినవాళ్ల దగ్గరే.

మొదటి జనతా బొంబాయి నుంచి వచ్చింది. "మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్, మా తాతగారు కట్టుకున్నది" అన్నాడు అమ్మినతను. ఏది అడిగినా నిమిషంలో జవాబు, జవాబు చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. 850 రూపాయలకు పాట నాకే వచ్చింది. పార్సిల్ విప్పితే డయల్ పాలలా తెల్లగా మెరిసిపోతోంది. ఇంట్లో అందరం మురిసిపోయాం. ఆ మురిపెంలో అతనికి ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చేశాను. రెండో రోజు బెల్టు వేయిద్దామని హన్మకొండ చౌరస్తా దగ్గర వాచీలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కంటికి అద్దం బిగించుకుని అర నిమిషం చూశాడు. ఏమీ అనకుండా ఆ అద్దం నా చేతిలో పెట్టాడు. "నువ్వే చూడు బేటీ."

చూశాను. '17 జ్యూయెల్స్' అన్న అక్షరాల అంచులు తడి గోడ మీద సున్నం రాతలా పాకి ఉన్నాయి. నిమిషాల గీతల మధ్య దూరం ఒక్కలా లేదు. పన్నెండు దగ్గరి గీత అంకెకు సూటిగా కాకుండా కాస్త కుడికి జరిగి ఉంది. ముళ్లు బిగించే నడిమి రంధ్రం చుట్టూ పెయింటు చిన్న గట్టులా గడ్డకట్టింది. తిప్పి చూస్తే వెనక మూత ఏళ్ల తరబడి చెమటకు అరిగి, అక్షరాలు సగం పోయి నున్నగా ఉంది. "మొఖం నిన్నటిది, వీపు ముసలిది" అని నవ్వాడు చాచా. పాత డయల్ గీకేసి, కొత్తగా రంగు కొట్టి, పైన పేరు అచ్చేసిన సరుకు అది. మిషన్ మాత్రం నడుస్తోంది. నాన్న దాన్ని రెండు రోజులు కట్టుకుని, "నాది ఇంత తెల్లగ ఉండేది కాదు" అని తీసి బల్ల మీద పెట్టేశాడు.

తర్వాత ఆ సెల్లర్ పేజీ మొత్తం చూశాను. అక్కడ 40 వాచీలున్నాయి. అన్నీ వాళ్ల తాతగారివే. ఆయనకు ఎన్ని చేతులుండేవో మరి.

ఈ రంగుల వ్యవహారం ఎందుకు పెరిగిందో తెలియకపోతే సెల్లర్లు అర్థం కారు. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున కీ ఇచ్చే జనతా, పైలట్, కోహినూర్ లాంటివి మన ఇళ్లల్లో పెళ్లి వాచీలయ్యాయి. 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. ఇంక కొత్తవి రావు అనేసరికి పాతవాటికి గిరాకీ పెరిగింది. నేను వందల్లో కొన్నవి వేలల్లోకి పోయాయి. గీతలు పడ్డ, పసుపెక్కిన డయల్ కన్నా మెరిసే డయల్‌కే కొత్తవాళ్లు ఎక్కువ పాడతారు కాబట్టి అమ్మేవాడు రంగు కొడతాడు. మోసం అంటే కోపం తెచ్చుకుంటాడు కూడా, "బాగుచేసి అమ్ముతున్నా" అంటాడు. బాగుచేశానని ముందే రాసి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. 'ఒరిజినల్' అని రాయడం దగ్గరే పేచీ.

పాట పెంచే విద్య ఇంకొకటి. చిట్టీ పాటల ఊరు మాది, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చికి జెండా పాట పాడే ఊరు. జెండా పాటలో పలికిన ధర పేపర్లో వస్తుంది, రైతు చేతికి వచ్చేది చాలాసార్లు అంతకన్నా తక్కువే. అంత తెలిసి కూడా ఆన్‌లైన్లో బోల్తా పడ్డాను. వేలం సైట్లలో మనం చివరికి ఎంతదాకా పోతామో చెప్పి ఊరుకుంటే, ఎదుటివాళ్లు పెంచినప్పుడల్లా మన తరఫున సైటే కొంచెం కొంచెం పెంచుతుంది. ఒక పైలట్ వాచీకి నేను 1,500 అని పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ఎవరో 20, 20 పెంచుకుంటూ నన్ను 1,480 దాకా లాక్కొచ్చారు. ఆ ఖాతా పెట్టి వారం కూడా కాలేదు, ఈ ఒక్క సెల్లర్ సరుకు తప్ప ఇంక దేనికీ పాట పాడలేదు. ఇంకోసారి అదే ఖాతా నన్ను దాటి గెలిచింది. గంటలోనే సెల్లర్ మెసేజ్: "అక్కా, గెలిచినతను వెనక్కి తగ్గాడు, మీ ధరకే ఇస్తా." వెనక్కి తగ్గింది అతనో ఇతనో, ఇద్దరూ ఒకడేనో. వద్దన్నాను. అప్పటి నుంచి ముందుగా పాడటం మానేశాను. నా ధర నోటుబుక్కులో రాసుకుంటాను, 1,137 లాంటి అంకె, ఆఖరి పది సెకన్లలో ఒక్కసారే వేస్తాను. పోతే పోయింది. వినాయకుడి లడ్డూ పాటలా పంతానికి పోయిన రెండుసార్లూ మా ఆయనకు ధర చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడ్డాక నాలాంటివాళ్లకు పెద్ద లోటు వచ్చింది. అందులో పైసాపే అని ఉండేది, మనం కట్టిన డబ్బు సరుకు చేరేదాకా సెల్లర్‌కు పోకుండా మధ్యలో ఆగేది. తర్వాత చాలా వేలాలు వాట్సాప్‌కు వచ్చాయి: ఒక ఫోటో, మొదటి ధర, పెంపు 50, రాత్రి 9కి ముగింపు, చివరి 5 నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో 5 నిమిషాలు. సరదాగా ఉంటుంది గానీ డబ్బు నేరుగా సెల్లర్ ఫోనుకు పోతుంది. మధ్యలో పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.

గెలిచాక అడ్డం తిరిగేవాళ్లు వేరే రకం. ఒకసారి 650కే ఒక కోహినూర్ నాకు వచ్చింది. మర్నాడు సెల్లర్ "సారీ మేడమ్, వాచీ కింద పడి పగిలిపోయింది" అన్నాడు. పాపం అనుకున్నా. మూడు రోజుల తర్వాత అదే వాచీ 1,000 మొదటి ధరతో మళ్లీ వేలానికి వచ్చింది. నాలుగు అంకె పక్కన వంకర గీత ఉంది, అదే ఫోటో. నా దగ్గర పాత పేజీ స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి సైటుకు పంపాను. డబ్బు తిరిగొచ్చింది, వాచీ రాలేదు. పాట గెలిచిన నిమిషంలోనే ఫోటోలు, వివరాలు, ధర అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోవడం అప్పుడే అలవాటైంది. పాట అయ్యాక సెల్లర్ పేజీలో 'ఒరిజినల్' అన్న మాట మాయమైపోవడం కళ్లారా చూశాను.

నా 14 గొడవల్లో ఇప్పటికీ కడుపు మండేది 2021 నాటిది. డయల్ మీద పైలట్ అని ఉంది, లోపల మిషన్ నడవదు. సైటులో ఫిర్యాదు పెట్టాను. సెల్లర్ మాట మళ్లీ తేనె: "అయ్యో మేడమ్, మీరు టెన్షన్ పడకండి. ఫిర్యాదు ఉంటే నా ఖాతా ఆగిపోతుంది. మూసేయండి, సాయంత్రానికి డబ్బు వేస్తా." మూసేశాను. సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. ఒకసారి మూసిన ఫిర్యాదు మళ్లీ తెరవడానికి ఆ సైటు ఒప్పుకోలేదు. 2,200 పోయాయి. పిల్లలకు 'జవాబు రాకముందే పేపరు ఇచ్చేయొద్దు' అని చెప్పే టీచరు చేసిన పని ఇది. ఆ తర్వాత ఒకతను "ముందు ఐదు నక్షత్రాలు ఇవ్వండి, తర్వాత వాపసు" అంటే, ముందు డబ్బు, తర్వాతే ఏదైనా అని ఒకే ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. నాలుగు రోజులు అలిగి, ఐదో రోజు వేశాడు.

ఇప్పుడు పాటకు ముందే ప్రతి సెల్లర్‌కూ ఒక చిన్న పని చెప్తాను. వెనక మూత తీసి మిషన్ ఫోటో పంపాలి, పక్కన ఒక చీటీ మీద నేను చెప్పిన అంకె రాసి పెట్టాలి. అంకె ఎందుకంటే, నెట్లో దొరికిన వేరేవాళ్ల ఫోటో అయితే అందులో నా అంకె ఉండదు కదా. ఐదు నిమిషాల పని. తీపి సెల్లర్లు సగం మంది ఇక్కడే జారుకుంటారు. "మూత తీసే సామాను లేదు", "ఊళ్లో లేను", "నమ్మకం ఉంటేనే కొనండి మేడమ్".

గోదావరిఖని పెద్దాయన పరిచయమైంది ఈ అంకె దగ్గరే. సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి, ఒక జనతా వేలానికి పెట్టాడు. ఫోటోలు మసక మసకగా ఉన్నాయి. నేను నా మామూలు మాట రాశాను, అంకె 37 అని. జవాబు వచ్చింది: "అంకె ఏందమ్మా, ఇది మట్కానా? కొనేదుంటే కొను, లేకుంటే ఊకో." సరేలే అని ఊరుకున్నా. రెండు గంటల తర్వాత నాలుగు ఫోటోలు వచ్చాయి. వెనక మూత తీసి ఉంది, పక్కన కూరగాయలు కోసే కత్తి, దాని కింద కరెంటు బిల్లు వెనక పెద్దగా 37. కింద రాశాడు: "రోజుకు ఐదు నిమిషాలు వెనకపడ్తది. కీ మార్పించిన, అసలుది కాదు. అద్దం మీద గీతలున్నయ్. మళ్ల నాకు చెప్పలేదనకు."

11 ఏళ్లలో ఏ తాతగారి మనవడూ నాకు ఇన్ని లోపాలు చెప్పలేదు. పాట 1,900కు నాకే వచ్చింది. ఆయన పార్సిల్ చేయనన్నాడు. "పోస్టుల పగిల్తే నా మీద పడ్తవు. వచ్చి చూస్కొని తీస్కపో." ఆదివారం కాజీపేటలో బండెక్కి, జమ్మికుంట, పెద్దపల్లి దాటి రామగుండంలో దిగి ఆటోలో పోయాను. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. ఆయన వాచీ బల్ల మీద పెట్టి, "చెవికి పెట్టుకొని ఇను" అన్నాడు. ఎక్కడా తడబాటు లేకుండా కొట్టుకుంటోంది. డయల్ పాత కాగితంలా పసుపెక్కి, ఆరు అంకె దగ్గర చిన్న తేమ మచ్చ. రెండు వేలు ఇస్తే వంద తిరిగిచ్చాడు, వద్దన్నా వినలేదు. నాన్న దాన్ని చేతికి పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇది" అన్నాడు. అంతే అన్నాడు.

పార్సిల్ సంగతి క్లుప్తంగా చెప్తాను. స్పీడ్ పోస్టు నంబరు 13 అక్షరాలు: రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం గుర్తుగా ఐ, ఎన్. "పంపేశా" అన్నవాళ్లను ఆ నంబరు అడగండి. తెలంగాణలో సెల్లర్ అయితే నేను ఆర్టీసీ కార్గోలో వేయమంటాను, రసీదు ఫోటో వస్తుంది, హన్మకొండ బస్టాండులో తీసుకుంటాను. డబ్బు కట్టి పోస్టులో పార్సిల్ తీసుకునే వీపీపీ అంటే కొందరికి ధైర్యం. పోస్ట్‌మాన్‌కు డబ్బు కట్టాకే కదా విప్పేది, లోపల రాయి ఉన్నా కట్టాల్సిందే. విప్పేటప్పుడు పైన చిరునామా కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీస్తాను. ఒకతను అగ్గిపెట్టెలో దూది పెట్టి పంపాడు, అద్దం ఊడి ముళ్లు వంగిపోయాయి. ఆ వీడియో చూపిస్తే మాట్లాడకుండా సగం డబ్బు ఇచ్చాడు.

నేను అమ్మినప్పుడు కూడా ఒకటి ఎదురైంది. కొనేవాడు ఆర్మీ అధికారినన్నాడు, బేరమే ఆడలేదు, క్యూఆర్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. యూపీఐ పిన్ మన డబ్బు బయటికి పోవడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు. ఒకరి నుంచి ఒకరు డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు నుంచి ఆపించింది, క్యూఆర్ నాటకం మాత్రం ఇంకా నడుస్తోంది. నిజంగా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. సైటు పట్టించుకోకపోతే నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ మాట ఎత్తుతాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ రెండు అంకెలూ రాసి పంపిన మెయిల్‌కు జవాబు తొందరగా వస్తుందని నా అనుభవం.

సెల్లర్‌తో గొడవ వచ్చినప్పుడు 'మోసగాడివి' అని రాయడం ఎప్పుడో మానేశాను. రెండు ఫోటోలు, ఏం కావాలో ఒక వాక్యం, ఏ తేదీలోపో ఒక వాక్యం. ఫోన్ ఎత్తను, ఏదైనా రాతలోనే. ఫోన్లో మాట్లాడితే మళ్లీ కరిగిపోతానని భయం.

మొన్న ఆదివారం గోదావరిఖని పెద్దాయన నుంచి మెసేజ్ వచ్చింది. "దోస్తుది కోహినూర్ ఉన్నది. పాట గీట లేదు, 2,500. అంకెలు అడగకు, వచ్చి చూస్కో." సంక్రాంతి సెలవుల్లో వస్తానని రాశాను. ఇంకా జవాబివ్వలేదు గానీ, కత్తి పక్కన వెనక మూత తీసిన వాచీ ఫోటో ఒకటి పెట్టాడు.